మ్యాగ్నం తూటానా, మామూలు తూటానా: సరిహద్దు జిల్లాల లైసెన్సుదారులు ఏది ఎంచుకోవాలి

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ప్రాణహితకు దగ్గరగా వరీ మొక్కజొన్నా పండించే మా బావమరిది, పోయిన వానాకాలం అడవి పందులు రెండు రాత్రులలో అరెకరం చేను కలియదున్నేసిన తరువాత, తుపాకీ లైసెన్సు దరఖాస్తు రాయించుకోవడానికి రాజురాలోని మా ఇంటికి వచ్చాడు. సంచిలోని కాగితాలు ఇంకా బల్ల మీదికి రాకముందే, "బావా, మ్యాగ్నం తీస్కుంటే ఒక్క దెబ్బకే పంది పడ్తదంట గద?" అని అడిగాడు. మ్యాగ్నం అంటే మామూలు కంటే ఎక్కువ మందు పట్టే తూటా. ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. రాజురా, బల్లార్‌పూర్, సిరొంచ, కిన్వట్ ప్రాంతాలలోని మన తెలుగువాళ్ళలో లైసెన్సు ఉన్నవారూ, లైసెన్సు కోసం తిరుగుతున్నవారూ, పిల్లలను షూటింగ్ శిక్షణకు పంపుతున్నవారూ ఇదే ప్రశ్నను ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా అడుగుతూనే ఉన్నారు. అతనికి చెప్పిన జవాబునే కొంత వివరంగా, లెక్కలతో సహా, అందరికీ పనికివచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా కోసం వేట లేదు, అది నేరం. అదే చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, మనుషుల ప్రాణానికి గాని, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గాని ముప్పుగా మారిన కొన్ని జంతువులను, అధికారం ఉన్న అటవీ అధికారి కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినప్పుడు మాత్రమే కాల్చవచ్చు. చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పంది మీద గాని, మనుబోతు మీద గాని కాల్చే హక్కు రాదు. ఆ రెండు కాగితాలు వేరు, వాటిని ఇచ్చే కార్యాలయాలు వేరు. అందువల్ల ఈ వ్యాసంలో "వేట" అన్న మాట వచ్చిన ప్రతిచోటా, మన నేల మీదనైతే అనుమతితో జరిగే పంట రక్షణ అనీ, వేట చట్టబద్ధమైన దేశాలలోనైతే అక్కడి లైసెన్సుతో జరిగే వేట అనీ అర్థం చేసుకోవాలి.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మన సరిహద్దు జిల్లాలలో చట్టబద్ధంగా చేయగలిగిన పనులలో, అంటే నూరు, నూటయాభై గజాల లోపు పంట రక్షణలో గాని, షూటింగ్ రేంజిలో గురి సాధనలో గాని, మ్యాగ్నం తూటా చేసే మేలు కంటే చేసే చెరుపే ఎక్కువ. మామూలు తూటాను ఎంచుకుని, మిగిలిన డబ్బూ ఓపికా సాధన మీద పెట్టడమే మంచిది. ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

"మ్యాగ్నం" అనే మాటలో ఏముంది

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న మా రాజురా వైపు పాతవాళ్ళు దీన్ని ఇప్పటికీ కార్తూసు అనే అంటారు. మ్యాగ్నం అనేది లాటిన్ మాట, పెద్దది అని అర్థం. పెద్ద ద్రాక్షసారా సీసాకు వాడే ఆ పేరును ఇంగ్లండులోని తుపాకుల తయారీదారులు తమ పెద్ద తూటాలకు పెట్టుకున్నారు. అదే వ్యాసం ఉన్న గుండును, ఎక్కువ మందు పట్టే డొల్లలో పెట్టి, ఎక్కువ వేగంతో పంపడమే దాని సారం. అయితే ఈ పేరుకు కొలత ఏదీ లేదని గుర్తుంచుకోవాలి. తూటా పేరులో చుక్కతో మొదలయ్యే అంకె మాత్రం గుండు వ్యాసాన్ని అంగుళాలలో సుమారుగా చెబుతుంది. .222 రెమింగ్టన్ మ్యాగ్నం అనే తూటా పేరుకు మ్యాగ్నమే గాని, 1906లో వచ్చిన .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ అనే మామూలు తూటా ముందు అది చాలా చిన్నది. కాబట్టి పెట్టె మీద ఉన్న పేరును చూసి బలాన్ని లెక్కకట్టకూడదు. గుండు బరువు, వేగం, ఈ రెండింటినీ చూడాలి.

మ్యాగ్నం అనగానే చాలామంది డొల్ల అడుగున ఉండే కడియం లాంటి పట్టీని చూపించి, అది బలం కోసం పెట్టారని చెబుతారు. అది నిజం కాదు. లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో .375 మ్యాగ్నంను తెచ్చినప్పుడు, వేడి దేశాలలో సులువుగా గదిలోకి, అంటే తుపాకీలో తూటా కూర్చునే చోటులోకి, జారి సులువుగా బయటికి రావాలని డొల్లను పైకి పోనుపోను సన్నగిల్లేలా, మెడ దగ్గర సన్నబడే భుజాలు ఏటవాలుగా ఉండేలా చేసింది. అలాంటి ఏటవాలు భుజం తూటాను గదిలో కచ్చితమైన లోతున నిలబెట్టలేదు గనుక, ఆ పని చేయడానికి అడుగున పట్టీ పెట్టారు. తరువాత 1962లో వచ్చిన 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మ్యాగ్నంకూ, 1963లో వచ్చిన .300 విన్‌చెస్టర్ మ్యాగ్నంకూ భుజాలు నిటారుగానే ఉన్నా, పట్టీ మాత్రం వారసత్వంగా ఉండిపోయింది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

సుమారు 11.7 గ్రాముల, అంటే 180 గ్రెయిన్ల గుండునే మూడు తూటాలలో పెట్టి చూద్దాం. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్‌లో ఆ గుండు గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు దాదాపు 800 మీటర్లు. .30-06లో దాదాపు 823 మీటర్లు. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నంలో దాదాపు 900 మీటర్లు. శక్తి లెక్కన చూస్తే వరుసగా 3,700, 3,950, 4,750 జౌళ్ళకు అటూఇటూగా వస్తుంది. అంటే .30-06 కంటే మ్యాగ్నం ఐదో వంతు ఎక్కువ శక్తినిస్తుంది. ఆ ఐదో వంతు కోసం మందు మాత్రం నాలుగో వంతుకు పైగా ఎక్కువ పోయాలి.

ఇప్పుడు మన చేనుకు కావలసిన లెక్క చూడండి. రెండు రైఫిళ్ళనూ 200 గజాల దగ్గర సరిగ్గా గురి కుదిర్చి పెట్టామనుకుందాం. 300 గజాల దగ్గరికి వెళ్ళేసరికి .30-06 గుండు గురికి దాదాపు 21 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, మ్యాగ్నం గుండు దాదాపు 17 సెంటీమీటర్లు దిగుతుంది. తేడా నాలుగు వేళ్ళ వెడల్పు కూడా లేదు. నూరు గజాల దగ్గరైతే ఆ తేడా కొలవడానికి కూడా దొరకదు. మంచె మీద కూర్చుని జొన్నచేను అంచున కాల్చేవాడికి 300 గజాల అవసరం ఎప్పుడు వస్తుంది? నేను చూసినంతలో పంట రక్షణలో పేలిన దెబ్బలన్నీ 30 గజాల నుంచి 80 గజాల మధ్యవే. అడవి అంచు పొదలూ, పొగమంచూ, రాత్రి వెలుతురూ అంతకు మించి చూపు సాగనివ్వవు. మ్యాగ్నంకు ఉన్న అసలైన గొప్పతనం 400 గజాలు దాటాక మొదలవుతుంది. అంతకు ముందు దాని ఖరీదు మాత్రమే కనిపిస్తుంది.

ఆ ఖరీదులో మొదటిది భుజం మీద పడే తన్ను. దాదాపు 8 పౌండ్ల రైఫిల్‌లో .308 తన్ను 17 ఫుట్-పౌండ్లు, .30-06 తన్ను 20, .300 మ్యాగ్నం తన్ను 26 వరకు ఉంటుంది. కాగితం మీద ఇవి చిన్న అంకెల్లాగే కనిపిస్తాయి. వాటి అర్థం నాకు తెలిసింది మాత్రం ఒక చలికాలపు ఉదయం, మా జిల్లాకు దూరంగా ఉన్న ఒక రేంజిలో.

మా స్నేహితుడికి తాతగారి నుంచి వారసత్వంగా వచ్చిన .375 మ్యాగ్నం రైఫిల్ ఉంది. అప్పటికి నేను .30-06తో నూరు గజాల దగ్గర మూడు గుండ్లను రెండంగుళాల లోపు వేయగలిగేవాణ్ణి. ఆ ధైర్యంతోనే అతని రైఫిల్ అడిగాను. మొదటి గుండు నల్ల చుక్కకు కాస్త పైన, బాగానే పడింది. రెండవది పేలేటప్పుడు చెంప ఎముక కుందాకు, అంటే భుజానికి ఆనించే వెనక భాగానికి, తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగవది ఎనిమిదంగుళాలు కిందికి, కుడి పక్కకు పోయింది. గాలి అనుకున్నాను, ఆ ఉదయం ఆకు కదలలేదు. నా స్నేహితుడు ఏమీ అనకుండా రైఫిల్ తీసుకుని, నాకు కనబడకుండా అటు తిరిగి, తూటా ఎక్కించి ఇచ్చాడు. నేను ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను. టక్ మన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. అతను ఎక్కించింది మందు లేని ఉత్తి తూటా. పేలుడు లేదు గనుక నేను చేసిన పని నాకే స్పష్టంగా కనిపించింది: ట్రిగ్గర్ కదిలిన క్షణంలోనే నా భుజం ముందుకు తోసింది, కళ్ళు గట్టిగా మూసుకున్నాయి, గొట్టం చివరి పూస నేల వైపు బెత్తెడు మునిగింది. దీన్నే జంకు అంటారు. దెబ్బ పడకముందే ఒళ్ళు దెబ్బకు సిద్ధపడటం. ఆ జంకు .30-06 పట్టుకున్నప్పుడు కూడా నన్ను వదలలేదు. దాన్ని వదిలించుకోవడానికి .22 రైఫిల్‌తో నాలుగు నెలలు మొదటి నుంచి సాధన చేయవలసి వచ్చింది.

అందుకే బలమైన తూటా గురి తప్పును కప్పిపుచ్చుతుందనే నమ్మకం నాకు చాలా ప్రమాదకరంగా కనిపిస్తుంది. పొట్టలో తగిలిన గుండు మ్యాగ్నందైనా, మామూలుదైనా, ఆ పంది పడిపోదు. అది చెరుకు తోటలోకో, మీ పక్క రైతు పత్తి చేనులోకో దూరి, మరునాడు పొద్దున పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళ మీదికి వస్తుంది. గాయపడిన జంతువును అలా వదిలేయడం ఆ జీవికి చేసే హింస, ఊరికి తెచ్చే ప్రమాదం కూడా. ముంగాలు వెనక, ఛాతీకి మూడో వంతు ఎత్తున, పిడికిలంత చోటులో గుండు పడితే మామూలు తూటా చాలినంత పని చేస్తుంది. జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు బహుమతిగా పొందిన రైఫిల్ .275 రిగ్బీ. అది 1892 నాటి 7×57 మౌజర్ తూటాకే ఇంగ్లండులో పెట్టిన పేరు, పూర్తిగా మామూలు తూటా. 1926లో రుద్రప్రయాగ చిరుతను ఆయన కాల్చింది ఆ రైఫిల్‌తోనే.

గుండు తయారీని మరచిపోకండి

తూటా పేరు గురించి గంటలు గంటలు మాట్లాడేవారు కూడా గుండు ఎలా తయారైందో అడగరు. మెత్తని సీసపు మొన ఉన్న మామూలు గుండు ఒక హద్దు వరకే వేగాన్ని తట్టుకుంటుంది. 900 మీటర్ల వేగంతో బయలుదేరి, 50 గజాల దగ్గర, ఇంకా వేగం తగ్గకముందే ముదురు మగ పంది భుజం మీద తగిలితే ఏమవుతుంది? మగ పందికి భుజాల మీద చర్మం కింద అరచేతి మందాన గట్టి కవచం లాంటి పొర ఉంటుంది. ఆ పొర మీదనో, ఎముక మీదనో గుండు ముక్కలైపోయి పైపైన పెద్ద గాయం చేసి, లోపలి గుండెకూ ఊపిరితిత్తులకూ చేరకుండా ఆగిపోయే అవకాశం ఉంది. అదే గుండు .308లోనో .30-06లోనో కొంత తక్కువ వేగంతో పోతే, పుట్టగొడుగులా విచ్చుకుని లోతుగా దిగుతుంది. మ్యాగ్నంలో దగ్గరి దూరాలకు వాడాలంటే సీసాన్ని పైతొడుగుకు అతికించిన గుండో, పూర్తిగా రాగితో చేసిన గుండో కావాలి. అవి మన ఊళ్ళ దుకాణాలలో కోరినప్పుడల్లా దొరికేవి కావు.

దీనికి ఆనుకునే మరో విషయం ఉంది. తగిలిన గుండు గురించి అందరూ ఆలోచిస్తారు. తప్పిపోయిన గుండు గురించి, లేదా జంతువును దాటి అవతలికి పోయిన గుండు గురించి ఎవరూ ఆలోచించరు. .30-06 వంటి తూటా గుండు మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. చిన్న .22 గుండు కూడా మైలు దాటగలదు. చంద్రపూర్, నాందేడ్ జిల్లాల నల్లరేగడి చేలు బల్లపరుపుగా ఉంటాయి, గుండును ఆపే గుట్టలు ఉండవు, వరినాట్ల కాలంలోనైతే మనుషులు చీకటితోనే పొలాలకు వస్తారు. మంచె మీద నుంచి కిందికి కాల్చినప్పుడు గుండు వెనక ఉన్న నేలే గోడ అవుతుంది. నేల మీద నిలబడి అడ్డంగా కాల్చినప్పుడు ఆ గోడ ఉండదు. ఎంత ఎక్కువ వేగం, అంత ఎక్కువ బాధ్యత. తాడోబా అడవికి చుట్టుపక్కల ఉన్నవారు ఇంకొక మాట కూడా గుర్తుపెట్టుకోవాలి: రాత్రి చేను అంచున కదిలిన నీడ పందిదే కానక్కరలేదు, పులిది కావచ్చు, గొర్రెల మంద దగ్గర పడుకున్న మనిషిది కూడా కావచ్చు. నిండుగా కనబడని దాని మీద ఏ తూటా కూడా కాల్చకూడదు.

ఎండ సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకం. మే నెలలో చంద్రపూర్‌లో 46, 47 డిగ్రీలు చూడటం మనకు అలవాటే. తూటాలోని మందు వేడెక్కినకొద్దీ త్వరగా మండుతుంది, గొట్టం లోపలి ఒత్తిడి పెరుగుతుంది. .300 మ్యాగ్నం అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 64,000 పౌండ్లు, .30-06ది 60,000, పాత 7×57ది 51,000. హద్దుకు దగ్గరగా నడిచే తూటాను జీపు ముందుభాగం మీద మధ్యాహ్నమంతా ఎండలో వదిలేస్తే ఆ హద్దు దాటడానికి ఎంతో దూరం ఉండదు. పేలిన తరువాత బోల్టు ఎత్తడానికి చేతికి బిగుతుగా అనిపించినా, డొల్ల అడుగున ప్రైమర్ అంచులు గుండ్రదనం పోయి పళ్ళెంలా చదును అయినా, ఆ రోజుకు కాల్చడం ఆపేయాలి. తూటాలను తడి గుడ్డ చుట్టిన డబ్బాలో కాదు, పొడిగా నీడలో ఉంచాలి. తడి ప్రైమర్‌కు శత్రువు.

గురి సాధనకు ఏది

ఇక్కడ పోలిక ఇంకా తేలిక, ఎందుకంటే పోటీ నియమాలే సగం నిర్ణయం చేసేస్తాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య 50 మీటర్ల రైఫిల్ పోటీలలో .22 లాంగ్ రైఫిల్ తూటాకు మాత్రమే చోటు ఉంది. 1959లో వచ్చిన .22 విన్‌చెస్టర్ మ్యాగ్నం రిమ్‌ఫైర్ ఆ పోటీకి పనికిరాదు. దాని డొల్ల పొడవు ఎక్కువ, కొంచెం లావు కూడా, కాబట్టి అది లాంగ్ రైఫిల్ గదిలో పట్టదు. లాంగ్ రైఫిల్ తూటాను మ్యాగ్నం గదిలో వేసి కాల్చడం కూడా ప్రమాదం, వదులుగా ఉన్న డొల్ల పగిలి వేడి వాయువు వెనక్కి, మొహం వైపు చిమ్ముతుంది. ఇంట్లో రెండు రకాల .22లు ఉంటే పెట్టెలను వేరువేరు అరలలో తాళం వేసి పెట్టండి.

కొల్హాపూర్ జిల్లా బిడ్డ స్వప్నిల్ కుసాలే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మూడు భంగిమలలో కాల్చే 50 మీటర్ల త్రీ పొజిషన్స్ పోటీలో కాంస్యం గెలిచింది ఆ చిన్న .22 తూటాతోనే. ఆ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, ఒక పెద్ద కాబూలీ శనగ గింజంత. అలాంటి గురికి పోటీదారులు కోరేది వేగం కాదు. పోటీ తూటాల వేగం సెకనుకు 320, 330 మీటర్ల దగ్గర, అంటే శబ్ద వేగానికి కొంచెం కిందనే ఉంచుతారు. శబ్ద వేగాన్ని మించి బయలుదేరిన చిన్న గుండు దారిలో ఆ వేగం కిందికి దిగేటప్పుడు గాలిలో కొంత వణుకుతుంది, ఒకే చోట పడవలసిన గుండ్ల గుంపు చెదురుతుంది. నెమ్మదిగా, ఒకే తీరుగా పోయే గుండే పది పాయింట్లు తెస్తుంది. 300 మీటర్ల పోటీలో 8 మిల్లీమీటర్ల వరకు తూటాలను అనుమతించినా, అక్కడ బాగా కాల్చేవారు ఎక్కువగా 6 మిల్లీమీటర్ల చిన్న, మెత్తగా తన్నే తూటాలనే ఎంచుకుంటున్నారు. అక్కడ పది పాయింట్ల వలయం నూరు మిల్లీమీటర్లే గదా, పెద్ద తూటా ఉంటే తేలిక కాదా అనుకోవచ్చు. ఒక పోటీలో అరవై దెబ్బలు కాల్చేవాడికి ముప్పయ్యో దెబ్బ నుంచి భుజం మాట్లాడటం మొదలుపెడుతుంది.

గొట్టం ఆయుష్షు కూడా లెక్కలోకి రావాలి. ఎక్కువ మందు మండేకొద్దీ గొట్టం మొదట్లో ఉక్కు పగుళ్ళు దేరి, గుండును తిప్పే లోపలి గాళ్ళు అరిగిపోతాయి. .308 గొట్టం ఐదు వేల దెబ్బల దాకా మంచి గురి నిలుపుకోగలదు. .300 మ్యాగ్నం గొట్టం రెండు వేల దెబ్బల చుట్టుపక్కలే దాన్ని కోల్పోవడం మొదలుపెడుతుంది. రోజుకు అరవై దెబ్బల సాధన చేసేవాడికి రెండు వేలంటే ముప్పయి మూడు రోజులు. గొట్టం మార్చడమంటే మన దేశంలో డబ్బు ఒక్కటే కాదు, అనుమతుల కాగితాలూ ఎదురుచూపులూ కూడా.

మ్యాగ్నం నిజంగా కావలసిన చోటు

మ్యాగ్నంను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఆఫ్రికాలోని అనేక దేశాలలో ఏనుగు, అడవి దున్న వంటి ప్రమాదకర జంతువుల చట్టబద్ధమైన వేటకు .375 కనీస పరిమాణంగా నిర్ణయించారు. అక్కడ అది అవసరం. అమెరికా పర్వతాలలో మూడు వందల కిలోలు దాటే ఎల్క్ దుప్పిని 400 గజాల అవతల, లోయ ఇవతలి నుంచి కాల్చేవాడికి .300 మ్యాగ్నం ఇచ్చే తిన్నని దారీ, దూరాన మిగిలే శక్తీ నిజంగా పనికివస్తాయి. వెయ్యి గజాలకు అవతలి గురి పోటీలలోనూ దానికి గౌరవమైన స్థానం ఉంది, అయినా పామా అనే పేరున్న, వెయ్యి గజాల దాకా సాగే సంప్రదాయ పోటీ .308 మీదనే నిలబడింది. టెక్సాస్‌లో ఉద్యోగాలు చేస్తూ అక్కడి అడవి పందుల వేటకు వెళ్ళే మన పిల్లలు కూడా నన్ను ఈ ప్రశ్న అడిగారు. వారికి చెప్పిందీ ఇదే: అక్కడి పందికీ .308 గాని, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ గాని చాలు. మ్యాగ్నం కొనే ముందు దాని ఒక్క పెట్టె తూటాలను ఒకే పూట కాల్చి, చివరి ఐదు గుండ్లు ఎక్కడ పడ్డాయో చూసుకోండి. తన్ను తగ్గించడానికి గొట్టం చివర బ్రేకు బిగిస్తే భుజానికి సుఖమే గాని, ఆ పేలుడు చప్పుడు వెనక్కి, మీ చెవులకూ పక్కన నిలబడిన వాళ్ళ చెవులకూ తగులుతుంది. చెవులకు రక్షణ లేకుండా ఏ రైఫిలూ కాల్చకూడదు, దీన్నైతే అసలే కాల్చకూడదు.

మన చేతికి అందేవి

మన వైపు లైసెన్సు మీద మామూలుగా ఎదురయ్యే బోరులు, అంటే గొట్టం లోపలి కొలతలు, 12 బోరు షాట్‌గన్, .22, .315, .30-06. సైన్యం వాడిన .303, 7.62 మిల్లీమీటర్ల తూటాల రైఫిళ్ళు సామాన్యులకు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. .308 విన్‌చెస్టర్ సైన్యపు 7.62కు దాదాపు కవల గనుక, దాని మీద మనసు పడేవారు డబ్బు కట్టకముందే లైసెన్సు అధికారి దగ్గర రాతపూర్వకంగా స్పష్టత తీసుకోవాలి. 2019 సవరణ తరువాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, లైసెన్సు గడువు ఐదేళ్ళు. ఉన్న రెండు చోట్లలో ఒకదాన్ని, తూటాలు దొరకని మ్యాగ్నంకు ఇచ్చేయడం నాకు బాధ కలిగించే ఎంపిక. లైసెన్సు పుస్తకంలో రాసిన పరిమితి మేరకే తూటాలు కొనగలం, వాటిలో ఎక్కువ భాగం సాధనకే పోవాలి.

.315 గురించి చిన్నచూపు ఉంది, అది న్యాయం కాదు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన ఈ రైఫిల్ పాత లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు పద్ధతిలో నడుస్తుంది. 8 మిల్లీమీటర్ల తూటాలో దాదాపు 16 గ్రాముల బరువైన మెత్తని మొన గుండు ఉంటుంది. అది .30-06 కంటే బాగా నెమ్మదిగా పోతుంది, 200 గజాలు దాటాక త్వరగా కిందికి దిగుతుంది. కాని 80 గజాల దగ్గర పందికి ఆ బరువే కావాలి. తూటాలూ ఇక్కడే తయారవుతాయి. .30-06 దానికంటే తిన్నగా, దూరంగా, మరింత కచ్చితంగా కాలుస్తుంది. తూటాల సరఫరా గురించి మీ దుకాణదారు నుంచి గట్టి హామీ దొరికితే, నా మొదటి ఎంపిక అదే. హామీ లేకపోతే .315. నలభై గజాల లోపే పని ఉన్నవాడికి 12 బోరు కూడా సరిపోతుంది, దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఇక గురి సాధన మాత్రమే కోరుకునేవారు .22 లాంగ్ రైఫిల్ తప్ప మరేదీ చూడనక్కరలేదు.

మా బావమరిది నేను చెప్పినదంతా విన్నాడు, కొంతసేపు మాట్లాడలేదు. అలమారలో దాచిన రెండు ఖాళీ డొల్లలను తీసి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాను, ఒకటి నా .30-06ది, ఒకటి ఆ నాటి .375ది. రెండవదాని పట్టీని గోటితో గీసి చూసి, "గిది ఎన్నిసార్లు కాల్చినవ్ బావా?" అన్నాడు. "ఐదు" అన్నాను. "మరి గిది?" అని మొదటిదాన్ని చూపించాడు. "లెక్క పెట్టలేదు" అన్నాను. దరఖాస్తులో బోరు అన్న చోట .315 అని రాయించుకున్నాడు. అనుమతి కోసం అటవీ శాఖకు ఇవ్వవలసిన అర్జీకి పంట నష్టం ఫోటోలూ, తలాఠీ, అంటే గ్రామ రెవెన్యూ ఉద్యోగి, రాసిన పంచనామా నకలూ జతచేశాం. లైసెన్సు వచ్చేలోగా వారానికి ఒకసారి వచ్చి మా రేంజిలో శిక్షకుడి దగ్గర .22తో యాభై దెబ్బలు కాల్చాలని ఒప్పుకున్నాడు. మొదటి వారం అతని యాభైలో నల్ల చుక్కలో పడినవి పదకొండు.